ఒకే బ్రౌజరా, వేర్వేరు ప్రొఫైళ్లా? యానాంలో ఒక సంవాదం

ఒకరు యానాంలో అమ్మకం పన్ను రోజుల నుంచీ వ్యాపారుల లెక్కలు చూస్తున్న మేనమామ. ఊళ్లో అందరికీ ఆడిటరు గారు. ఇంకొకరు హైదరాబాదులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి యానాంలోని ఇంటి నుంచే పనిచేస్తున్న మేనల్లుడు. నెలలో పదో తేదీ సాయంత్రం, మర్నాటితో జీఎస్టీఆర్-1 అనే అమ్మకాల రిటర్ను గడువు ముగుస్తుందనగా, మావయ్య ఆఫీసు గదిలో జరిగిన వాదన ఇది. ఉద్యోగం కోసం చేసే బ్రౌజింగునీ సొంత బ్రౌజింగునీ విడదీయాలా అన్నది ప్రశ్న. విడదీసి తీరాలన్నది మావయ్య పక్షం. అది ఉత్త తృప్తి కోసం చేసే పని అన్నది అల్లుడి పక్షం.

అల్లుడు: ఇదేంటి మావయ్యా, ఒక్క క్రోమ్‌కి ఇన్ని కిటికీలు! ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ, ఒకటి నీలం. ప్రొఫైళ్లు పెట్టుకున్నారా? మా ఆఫీసువాళ్లూ పెట్టుకోమంటారు. నేను మాత్రం పెట్టుకోలేదండి. ఉన్నది ఒక్క మనిషిని, నాకు ఒక్క బ్రౌజరు చాలు. ఆఫీసు మెయిలూ, బ్యాంకూ, యూట్యూబూ పక్కపక్క ట్యాబుల్లో ఉంటే నాకెప్పుడూ ఇబ్బంది అనిపించలేదు.

మావయ్య: నువ్వు ఒక్క మనిషివే కావచ్చు అల్లుడూ. నా పార్టీల్లో కొందరిని మాత్రం చట్టమే ఇద్దరుగా లెక్కేస్తుంది. హార్డ్‌వేర్ కొట్టు ఉన్న వ్యాపారి ఒకాయన ఉన్నాడనుకో. యానాంలో ఒక గోడౌను, తాళ్లరేవులో ఇంకో గోడౌను. యానాం పుదుచ్చేరి కిందది కాబట్టి ఇక్కడి జీఎస్టీ నంబరు 34తో మొదలవుతుంది. తాళ్లరేవు ఆంధ్రప్రదేశ్, దాని నంబరు 37తో మొదలవుతుంది. తర్వాతి పది అక్షరాలు రెండింట్లోనూ ఒకటే, ఎందుకంటే అవి ఆయన పాన్. అయినా కేంద్ర జీఎస్టీ చట్టం 25వ సెక్షను నాలుగో ఉపసెక్షను ప్రకారం ఆ రెండు రిజిస్ట్రేషన్లూ వేర్వేరు వ్యక్తులు. తన గోడౌను నుంచి తన గోడౌనుకే సరుకు పంపినా అది రాష్ట్రం దాటిన సరఫరా, దాని మీద ఐజీఎస్టీ, అంటే అంతర్రాష్ట్ర పన్ను వేయాలి. అదే సరుకు ఇక్కణ్నుంచి మాహేలో ఒకరికి అమ్మాడనుకో. మాహే పడమటి తీరంలో, కేరళ పక్కన ఎక్కడో ఉంది. కానీ అదీ పుదుచ్చేరిదే గనక రాష్ట్రం లోపలి అమ్మకమే అవుతుంది. వంతెన దిగితే వచ్చే ఎదుర్లంకకి పంపితే మాత్రం అంతర్రాష్ట్రం.

అల్లుడు: మరి జనానికి యానాం అంటే పెట్రోలూ మందే కదండీ గుర్తొచ్చేది.

మావయ్య: ఆ రెండూ జీఎస్టీలోనే లేవు. వాటి మీద ఏ ప్రభుత్వం పన్ను దానిదే. అందుకే బంకు దగ్గర ధరల తేడా అందరికీ కనిపిస్తుంది. జీఎస్టీ సరుకుల మీద రేటు గీతకి ఇవతలా అవతలా ఒకటే. తేడా అంతా ఏ నంబరు కింద, ఏ పద్దు కింద చూపించామన్న దాంట్లో ఉంటుంది. అందుకే పొరపాటు బయటి వాళ్ల కంట పడదు, పార్టీ మెడకి మాత్రం చుట్టుకుంటుంది. పన్ను కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బీని ఒకసారి వేశాక సవరించడానికి వీల్లేదు. పన్ను తప్పు పద్దు కింద కడితే సరైన పద్దు కింద మళ్లీ కట్టి, ముందు కట్టింది వాపసు అడగాలి. ఈలోగా వ్యాపారి డబ్బు ఇరుక్కుపోతుంది. అందుకని 34 నంబర్ల పని ఎరుపు కిటికీలో, 37 నంబర్ల పని పచ్చ కిటికీలో. నీలం నా సొంతానికి.

అల్లుడు: మీకు ఆ అవసరం ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. ఒకే బ్రౌజరులో ఒక సైటుకి రెండు లాగిన్లు నిలవవు. వెబ్ పనిచేసే పద్ధతే అంత. మీరు అడిగిన ప్రతి పేజీనీ సర్వరు కొత్త మనిషి అడిగినట్టే చూస్తుంది, ఇందాకటి మనిషే ఇతను అని దానికి గుర్తుండదు. ఆ లోటు తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్‌లో లూ మాంటుల్లి అనే ఆయన కుకీని కనిపెట్టాడు. లాగిన్ అవగానే సైటు ఒక చిన్న గుర్తు మీ బ్రౌజరుకి ఇస్తుంది. ఆ తర్వాత పేజీ అడిగిన ప్రతిసారీ బ్రౌజరు ఆ గుర్తు చూపిస్తుంది. రెండో పార్టీ పేరుతో లాగిన్ అయితే మొదటి గుర్తు పోయి, ఆ చోట రెండోది కూర్చుంటుంది. ప్రొఫైలుకి ప్రొఫైలుకీ కుకీలు దాచే చోటు వేరు కాబట్టి మీ పని నడుస్తోంది. దానికి ఇంత ఏర్పాటెందుకండీ? ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిస్తే సరిపోతుంది కదా.

మావయ్య: రెండు లాగిన్ల వరకూ సరిపోతుంది. మూడోది కావాలంటే? ఇన్‌కాగ్నిటో కిటికీలు ఎన్ని తెరిచినా వాటన్నిటికీ కుకీల చోటు ఒక్కటే. పైగా అన్నీ మూసేస్తే లోపలున్నదంతా పోతుంది. ఈ-వే బిల్లు సైటు బుక్‌మార్కు, వెనకటి నెల చూసిన పేజీల చరిత్ర నాకు రోజూ కావాలి. ఇన్‌కాగ్నిటో గుర్తు మిగలకూడని పనికి. నా పని దేని గుర్తు దాని దగ్గరే ఉండాల్సిన పని.

అల్లుడు: సరేనండి, మీ వృత్తికి అది సాంకేతిక అవసరం, ఒప్పుకుంటాను. నాకు అలాంటిదేం లేదు. ఒక ఉద్యోగం, ఒక మెయిలు. నేనెందుకు వేరుచేసుకోవాలి?

మావయ్య: నీ బ్రౌజరులో దాచుకున్న పాస్‌వర్డులు ఎక్కడికి వెళ్తున్నాయో ఎప్పుడైనా చూశావా? సొంత జీమెయిలుతో క్రోమ్‌లో సైన్ ఇన్ అయి, సింక్ ఆన్ చేశావనుకో. ఆఫీసు సర్వరు పాస్‌వర్డు అడిగినప్పుడు ‘సేవ్ చేయమంటారా’ అని పైన చిన్న పెట్టె వస్తుంది. తొందరలో అవునంటావు. ఆ క్షణం నుంచీ కంపెనీ తాళంచెవి నీ సొంత ఖాతాలో ఉంటుంది. నీ ఫోనులోకి, ఇంట్లో పిల్లలు ఆడుకునే ట్యాబ్‌లోకి కూడా వెళ్తుంది. 2022లో సిస్కో కంపెనీకి జరిగింది ఇదే. ఒక ఉద్యోగి సొంత గూగుల్ ఖాతా దొంగల చేతికి చిక్కింది. ఆఫీసు పాస్‌వర్డు ఆయన బ్రౌజరులో దాచుకుని, సింక్ అయి ఉంది. రెండో అంచె అనుమతి కోసం ఫోన్ల మీద ఫోన్లు చేసి, నోటిఫికేషన్లు పంపి, చివరికి ఆయన చేతే ఒప్పించి లోపలికి వెళ్లారు. నెట్‌వర్కు పరికరాలు తయారుచేసే కంపెనీకే ఆ గతి పట్టింది.

అల్లుడు: మీరు సిస్కో గురించి చెప్పారు కాబట్టి నేను ఆక్టా గురించి చెప్తాను. అది నా పక్షానికి సాక్ష్యం. ప్రపంచంలో వేల కంపెనీల ఉద్యోగులకి లాగిన్ ఏర్పాట్లు చూసే సంస్థ అది. 2023 సెప్టెంబరు ఆఖరు నుంచి అక్టోబరు మధ్య వరకూ దాని కస్టమర్ సపోర్టు వ్యవస్థలోకి దొంగలు చొరబడి, 134 మంది ఖాతాదారులకి సంబంధించిన ఫైళ్లు చూశారు. ఎలా జరిగిందో ఆ సంస్థే బయటపెట్టింది. ఒక ఉద్యోగి కంపెనీ ల్యాప్‌టాప్‌లోని క్రోమ్‌లో తన సొంత గూగుల్ ప్రొఫైలుతో సైన్ ఇన్ అయ్యాడు. కంపెనీ సర్వీసు ఖాతా పాస్‌వర్డు ఆ సొంత ఖాతాలోకి చేరింది. చూడండి, ఆ మెషీన్లో సొంత ప్రొఫైలంటూ ఉండటమే కంత అయింది. అందుకే ఆ తర్వాత కంపెనీ ల్యాప్‌టాపుల్లో సొంత గూగుల్ ప్రొఫైళ్లతో సైన్ ఇన్ కాకుండా అడ్డుకున్నారు. మీరు మందంటున్నదే రోగానికి దారి అయింది కదండీ?

మావయ్య: మంచి ప్రశ్న వేశావు. దానికి సూటిగానే జవాబు చెప్తాను. అక్కడ ప్రొఫైలు ఉంది, విడదీయడం లేదు. సొంత ప్రొఫైలు కిటికీలో కూర్చుని ఆఫీసు పని చేస్తే రెండూ కలిసిపోయినట్టే. ఎరుపు కిటికీ తెరిచి పెట్టుకుని, పార్టీ లాగిన్ నీలంలో చేస్తే నా ఏర్పాటూ అంతే. ప్రొఫైలు దానంతటది దేన్నీ వేరుచేయదు. ఏ పని ఏ కిటికీలో అన్న నియమం మనం పాటిస్తేనే వేరవుతాయి.

అల్లుడు: అంటే రక్షణంతా మనిషి జాగ్రత్త మీద ఆధారపడిందన్నమాట. రోజంతా పనిచేసి అలిసిపోయిన మనిషి తప్పు కిటికీలో టైపు చేయడా? ఒక్కసారి చేసినా చాలు. అలాంటిదాన్ని రక్షణ అని ఎలా అనగలమండీ? ఇంకా లోపలికి వెళ్దాం. క్రోమ్ ప్రొఫైలంటే డిస్కు మీద ఒక ఫోల్డరు. మొదటిది ‘డిఫాల్ట్’, తర్వాతివి ‘ప్రొఫైల్ 1’, ‘ప్రొఫైల్ 2’. అన్నీ ఒకే విండోస్ లాగిన్ కింద ఉంటాయి. మీరు భోజనానికి లేచి వెళ్తే ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఒక్క నొక్కుతో ఎరుపు నుంచి నీలానికి వెళ్లిపోగలరు. పాస్‌వర్డులు దొంగిలించే వైరసు మెషీన్లోకి వస్తే అన్ని ఫోల్డర్లనీ ఊడ్చుకుపోతుంది. ఏ సైటుకి వెళ్తున్నారో ఇంటర్నెట్ ఇచ్చేవాడికి తెలుస్తూనే ఉంటుంది, ఏ రంగు కిటికీ అయినా మీ ఐపీ చిరునామా ఒకటే. మన సరిహద్దు గీత సంగతే చూడండి. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు నీళ్లు మన వీధుల్లోకీ వచ్చాయి, అవతల కోనసీమ లంకల్లోకీ వచ్చాయి. ఇది పుదుచ్చేరి, అది ఆంధ్రా అని వరద ఆగిందా?

మావయ్య: ఆగలేదు. ఆగుతుందని నేనెప్పుడూ అనలేదు. ఆ గీత ఉన్నది వరదని ఆపడానికి కాదు, ఏ ఊరి లెక్క ఏ ప్రభుత్వానిదో తేల్చడానికి. నీళ్లని ఆపాలంటే గట్టు కట్టాలి. నా సిస్టంలో ఆ గట్టు వేరే ఉంది. ఇంట్లో పిల్లలకి వేరే విండోస్ లాగిన్ ఇచ్చాను. కుర్చీలోంచి లేస్తే స్క్రీన్ లాక్ చేస్తాను. పార్టీల పాస్‌వర్డులు బ్రౌజరులో కాకుండా, వేరే మాస్టరు పాస్‌వర్డు ఉన్న మేనేజరులో దాస్తాను. ప్రొఫైలు చాలదని నువ్వంటే ఒప్పుకుంటాను. చాలదు కాబట్టి అక్కర్లేదంటే ఒప్పుకోను. నీ లెక్క ప్రకారం అన్నీ ఆపగలిగేది తప్ప ఏదీ పెట్టుకోకూడదు. అలాంటిది ఇంకా ఎవరూ తయారుచేయలేదు.

అల్లుడు: మరి గీత వల్ల చెడు కూడా జరుగుతుంది కదా మావయ్యా. దానికి మన ఊరే సాక్ష్యం. 1929లో బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం చేశారు. ఆడపిల్లకి 14 ఏళ్లు, మగపిల్లాడికి 18 ఏళ్లు నిండనిదే పెళ్లి చేయకూడదన్నారు. యానాం అప్పుడు ఫ్రెంచివాళ్లది, ఆ చట్టం ఇక్కడికి రాలేదు. చుట్టుపక్కల జిల్లాల వాళ్లు పిల్లల్ని ఇక్కడికి తీసుకొచ్చి ముడులు వేయించుకుని వెళ్లారు. ఊరికి కల్యాణపురం అని పేరు పడిపోయింది. గీత అంటూ ఉంటే దాని అవతల నక్కి చేసే పనులు పుట్టుకొస్తాయి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో సొంత ప్రొఫైలు పెట్టుకున్నవాడు కంపెనీ ఫైళ్లు అటు వైపు నుంచి బయటికి పంపడని ఏమిటి నమ్మకం?

మావయ్య: ఆ పెళ్లిళ్ల సంగతి గుర్తుచేసినందుకు సంతోషం. గీత మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు దొరకదు. ఆ గీత ఎవరిని కాపాడింది, ఎవరిని బలి చేసింది అని అడగాలి. అప్పుడు పెద్దవాళ్లు చట్టం నుంచి తప్పించుకున్నారు. నష్టపోయింది ఏమీ తెలియని పిల్లలు. నా కిటికీలకీ అదే పరీక్ష పెడతాను. ఎరుపూ పచ్చా వేరుగా ఉండటం వల్ల కాపాడబడేది నా పార్టీ. వాళ్ల అమ్మకాలు, కొనుగోళ్లు, బ్యాంకు వివరాలు నన్ను నమ్మి నా చేతిలో పెట్టారు. నా నీలం కిటికీలో వీడియో కోసం పెట్టుకున్న ఏదో ఎక్స్‌టెన్షను ఆ పేజీలు చదివే వీలు లేకుండా పోతోంది. ఎక్స్‌టెన్షన్లు ఏ ప్రొఫైలువి దానికే గనక. నువ్వు చెప్పినవాడు కంపెనీ ఫైళ్లు దొంగచాటుగా పంపితే, గీతని నమ్మినవాళ్ల మీదే వాడినట్టు. అది తప్పు. దాని పాపం గీతది కాదు.

అల్లుడు: ఎదురుగా ఉన్నవాణ్ని కాపాడటం అంటున్నారు. మరి నన్నెవరు కాపాడతారండీ? వర్క్ ప్రొఫైలు పెట్టుకోమని కంపెనీ అడగడం వెనక నామీద నిఘా ఉందని నా అనుమానం. ఆఫీసు ఖాతాతో సైన్ ఇన్ అయిన ప్రొఫైలులోకి కంపెనీ తన నియమాలు పంపగలదు. ఏ ఎక్స్‌టెన్షను ఉండాలో, ఏ సైటు తెరవకూడదో అదే నిర్ణయిస్తుంది.

మావయ్య: ఆ అనుమానం ఉన్నవాడే ముందు వేరుచేసుకోవాలి! ల్యాప్‌టాపు నీదైతే, ఆ నియమాలు ఆ ఒక్క ప్రొఫైలుకే వర్తిస్తాయి. నీ సొంత ప్రొఫైలు జోలికి రావు. రెండూ కలిపేస్తే నీ ఆసుపత్రి రిపోర్టూ, నీ పెళ్లి సంబంధాల సైటూ కూడా వాళ్ల నియమాల కిందికి నువ్వే తీసుకెళ్లి పెట్టినట్టు. ఉద్యోగం మానేసిన రోజున ఆఫీసు ఖాతా మూసేస్తారు. అందులో దాచుకున్న నీ బ్యాంకు పాస్‌వర్డులు, బుక్‌మార్కులు ఖాతాతోపాటే పోతాయి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో తేల్చి చెప్పింది. హక్కు కోర్టు ఇచ్చింది. దాన్ని రోజూ వాడుకోవడం మన చేతిలో ఉంది.

అల్లుడు: ల్యాప్‌టాపు కంపెనీదైతే? నాది కంపెనీదే.

మావయ్య: అప్పుడు నా మాటా మారుతుంది. మెషీనే వాళ్లదైతే మెషీను మొత్తాన్ని చూసే ఏర్పాటు వాళ్లకి ఉంటుంది. రంగు మార్చినంత మాత్రాన వాళ్ల చూపు తప్పించలేవు. దాంట్లో సొంత ప్రొఫైలు అసలు పెట్టొద్దు. సొంత పని సొంత ఫోనులో చేసుకో. ఆక్టా నేర్పిన పాఠం అదే. దాన్ని నా మీదికి సాక్ష్యంగా తెచ్చావు గానీ, నీ అలవాటుకే అది ఎక్కువ తగులుతుంది.

అల్లుడు: ఈ మాట ఒప్పుకుంటాను. అయినా మనసులో ఒక అభ్యంతరం ఉంది మావయ్యా. మన గోదావరి ఊళ్లలో పనీ ఇల్లూ ఎప్పుడు వేరుగా ఉన్నాయి? ముందు గదిలో కొట్టు, వెనక గదిలో కాపురం. బేరం మధ్యలో పిల్లాడికి అన్నం పెట్టేవారు. మనిషిని ఇలా కిటికీలుగా కోసేస్తే బతుకు బిగుసుకుపోదా?

మావయ్య: కొట్టూ ఇల్లూ ఒకే కప్పు కింద ఉండేవి, నిజమే. కానీ గల్లాపెట్టెలో డబ్బు ఇంటి ఖర్చుకి తీస్తే సొంతవాడకం అని పుస్తకంలో రాసేవారు. అలా రాయని కొట్లు ఎలా మూతపడ్డాయో లెక్కలు చూసేవాడిగా నాకు తెలుసు. బతుకుని కొయ్యమని కాదు నేననేది, లెక్క కలపొద్దని. ఇంకో సంగతి చెప్పనా? సాయంత్రం ఎరుపూ పచ్చా మూసేశాక, నీలం కిటికీలో వెతుకు పెట్టె నొక్కితే అందులో ఒక్క పార్టీ పేరూ ఎదురురాదు. పని ఆగిందని నాకు తెలుస్తుంది. ఇంటి నుంచి పనిచేసే నీకు ఆ హద్దు నాకంటే ఎక్కువ అవసరం. నీకు ఆఫీసు గుమ్మం దాటి బయటికి రావడం అనేదే లేదు కదా.

అల్లుడు: ఒకటి గమనించారా? 1997 నాటి నెట్‌స్కేప్ కమ్యూనికేటర్‌లోనే ప్రొఫైళ్లు ఉన్నాయి. ఒక కంప్యూటరుని నలుగురు పంచుకునే రోజులవి, ఎవరి సామాను వాళ్లకి ఉండాలని పెట్టారు. క్రోమ్‌లోకి 2011లో, సఫారీలోకి 2023లో వచ్చాయి. అప్పుడు నలుగురికి ఒక మెషీను. ఇప్పుడు ఒక్క మనిషికే నాలుగు ప్రొఫైళ్లు. కంపెనీలు మన గదిలోకీ, మన రాత్రుల్లోకీ వచ్చి, వేరుచేసుకునే భారం కూడా మన నెత్తినే పెట్టాయి. నా కోపం అక్కడుందండి. వేరే ల్యాప్‌టాపు, వేరే ఫోను ఇవ్వాల్సింది వాళ్లు. ఉద్యోగి చేత ‘జాగ్రత్తగా ఉంటాను’ అని సంతకం పెట్టించుకుంటే సరిపోదు.

మావయ్య: ఆ కోపం న్యాయమైనది. ఇవ్వగలిగినవాళ్లు ఇవ్వాలి, నువ్వు అడగాలి కూడా. కానీ నా సంగతి చూడు. నాకు ల్యాప్‌టాపు ఇచ్చే కంపెనీ ఏదీ లేదు. మన కాకినాడ, యానాం, అమలాపురంలో రిటర్నులు వేసేవాళ్లకీ, నెట్ సెంటర్ల వాళ్లకీ చాలామందికి ఉన్నది ఒక్కటే సిస్టం. పార్టీల రిటర్నులూ, పిల్లల ఆన్‌లైను క్లాసులూ దాంట్లోనే. వ్యక్తిగత డేటా పరిరక్షణకి 2023లో చట్టం వచ్చింది. భద్రత గాలికొదిలేసిన సంస్థకి 250 కోట్ల వరకూ జరిమానా వేయొచ్చని అందులో రాశారు. ఆ అంకె పెద్ద కంపెనీలని భయపెట్టడానికి. నా గదిలో పార్టీని కాపాడేది ఆ అంకె కాదు, నేను రోజూ పాటించే నియమం. పైసా ఖర్చు లేకుండా, పది నిమిషాల్లో పెట్టుకోగలిగింది ఇదొక్కటే. డబ్బు ఉన్నవాడికి రెండు మెషీన్లు. లేనివాడికి కనీసం రెండు ప్రొఫైళ్లు.

అల్లుడు: అయితే ఇలా అనుకుందామా? కంపెనీ మెషీన్లో సొంత పని వద్దు. సొంత మెషీన్లో ఉద్యోగం పనికి ప్రొఫైలు వేరు, దాని పేరూ రంగూ వేరు. సొంత ఖాతాలో ఆఫీసు పాస్‌వర్డు ఒక్కటి కూడా దాచకూడదు. పిల్లలకి వేరే విండోస్ లాగిన్. ఇంతవరకూ మీ మాట నాకు సమ్మతమే. ఇదంతా చేశాక మనం భద్రంగా ఉన్నామని అనుకోవడం మాత్రం ప్రమాదం. ఆ మాట నేను వెనక్కి తీసుకోను.

మావయ్య: తీసుకోవద్దు. నీలాంటివాడు పక్కన ఉండి ఆ మాట అంటూ ఉంటేనే నాలాంటివాడు ఏమరపాటుగా ఉండడు. ఇవాళ రాత్రి నీ క్రోమ్‌లో పాస్‌వర్డుల జాబితా తెరిచి చూడు. నీ సొంత ఖాతాలో ఆఫీసువి ఎన్ని ఉన్నాయో చూసి, అక్కడ తీసేయ్. ఆ తర్వాత వాటిని ఆఫీసు సైట్లలో మార్చేయ్. తీసేయడం ఒక్కటే చాలదు, ఇప్పటికే ఎక్కడికెక్కడికి సింక్ అయ్యాయో నీకు తెలియదు గనక.

అల్లుడు: మార్చేస్తానండి. నెలాఖరు మీటింగులో మా మేనేజరుని వేరే ఫోను కూడా అడుగుతాను.